కాచిన నీళ్లు

థమ్సప్ సీసాలో తెచ్చింది.
బోరు నీళ్లు, రెండు లీటర్లు.
మూతికి కట్టిన చీటీ మీద ఊరి పేరుంది, ఇక్కడ రాయను.
రాస్తే పక్క ఊళ్లవాళ్లు
తమ నీళ్లు మంచివనుకుంటారు.

నాగూర్‌బీ. గుంటూరు యార్డులో మిరపకాయల తొడిమలు తీస్తుంది.
ఆమె ల్యాబు గుమ్మంలో నిలబడగానే
లోపల నలుగురం తుమ్మాం.
నవ్వింది.
"మాకెప్పుడో పోయినయ్ తుమ్ములు."

నీళ్లు తేటగా ఉన్నాయి.
అదే చిక్కు.
ఫ్లోరిన్ అయితే పళ్లు చెబుతాయి,
ఉప్పయితే నాలుక చెబుతుంది.
నైట్రేటు ఎవరితోనూ మాట్లాడదు.
గాజు గొట్టంలో మందులు పోసి
గోడ గడియారం చూస్తూ కూర్చుంటే
మెల్లగా గులాబి రంగు దిగుతుంది,
అడగ్గా అడగ్గా ఒప్పుకున్నట్టు.

నలభై అయిదు దాటకూడదు.
నూట ముప్ఫై ఎనిమిది.
మళ్లీ చేశాను.
నూట నలభై.

ఎకరాకి ఎన్ని బస్తాలో ఎవరూ లెక్క రాయరు.
పక్క చేను పచ్చగా కనపడితే ఇంకో కట్ట విప్పుతారు.
మొక్క తాగినంత తాగి వదిలేసింది
నల్లరేగడి నెర్రెల్లోంచి వానతో దిగి
ఏ తొందరా లేకుండా
ఏళ్లకేళ్లు నడిచి బోరు దగ్గరికొస్తుంది.
నేను డిగ్రీలో చేరిన ఏడు
ఫీజుకని మా నాన్న అరెకరం ఎక్కువ మిరప వేశాడు.
ఆ యూరియా ఇప్పుడిప్పుడే
ఎవరి బిందెలోకో చేరుతుంటుంది.

"సిలారు పోయి ఆర్నెల్లమ్మా.
కడుపులో కేన్సరు.
ఈ నీళ్ల వల్లేనా?"

కావచ్చు.
మేం చదివిందంతా ఆ మాట దగ్గరే ఆగుతుంది.
నోట్లో ఒకటవుతుంది, కడుపులో పులుపు తగిలి ఇంకోటవుతుంది,
ఆ ఇంకోటి మంచిది కాదు.
అయినా ఆయన చుట్ట కాల్చేవాడట,
ఎండుచేప లేందే ముద్ద దిగేది కాదట,
మూతికి గుడ్డ కట్టకుండా మందు కొట్టేవాడట.
ఊరంతా తాగిన నీళ్లలోంచి
ఒక్క మనిషి చావుని వడకట్టి చూపే కాగితం
నా దగ్గర లేదు.
కావచ్చు అన్నాను.
కాకపోవచ్చు అని కూడా అన్నాను.
రెండింటికీ తలూపింది,
యార్డులో కాటా మనిషి చెప్పిన తూకానికి ఊపినట్టు.

"అయినా మేం కాచుకునే తాగుతాం గదమ్మా.
ఆయనకి బాగోనప్పటి నుంచి మరీను.
సగానికి సగం మరగనిచ్చి,
చల్లార్చి, చీరచెంగులో వడకట్టి
గ్లాసు నేనే పట్టుకుని తాపేదాన్ని."

మరిగితే పురుగు చస్తుంది.
ఇది చావదు.
ఆవిరై పోయేది నీరొక్కటే.
చారు ఎక్కువసేపు పొయ్యి మీదుంటే
ఉప్పేమవుతుందో ఆమెకి నాకంటే బాగా తెలుసు.

చెప్పాలా?
రిపోర్టు ఫారంలో దానికి గడి లేదు.

"ఇకమీద కాచకండి" అన్నాను, కాగితం వైపే చూస్తూ.
"డబ్బా నీళ్లు కొనుక్కోండి. వంటకి కూడా అవే.
పసిపిల్లలకి ఈ నీళ్లతో పాలు కలపనివ్వొద్దు."
డబ్బా పది రూపాయలు.
వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది,
మధ్యలో వదిలేసింది.

గుమ్మం దాకా వెళ్లి ఆగింది.
"ఇకమీద, అన్నావు."

నేను గాజు గొట్టం కడుగుతున్నాను.
కుళాయి కొంచెం పెద్దది చేశాను.

తర్వాత మామూలు గొంతుతోనే అడిగింది:
"ఆ సీసా ఇచ్చెయ్యమ్మా.
ఆయన చేనికి పట్టుకెళ్లేది."

సీసా బల్ల మీదే ఉంది. మూత లేదు.
బల్ల కింద వంగి వెతికాను,
చాలాసేపు వెతికాను,
దొరికిన తర్వాత కూడా.